లైంగిక హింస నుంచి కోలుకోవడానికి థెరపీ: నేరుగా వెళ్లాలా, ఆన్‌లైన్‌లోనా?

ఖర్చు: ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి లాంటి ప్రభుత్వ చోట్ల తక్కువలో అవుతుంది, కానీ రద్దీ ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఎక్కువగా ప్రైవేటు ఫీజే, ప్రయాణ ఖర్చు మాత్రం ఆదా అవుతుంది.

శ్రమ: చిన్న ఊళ్లో క్లినిక్ మెట్లెక్కితేనే నలుగురి కళ్లూ పడతాయి. ఆన్‌లైన్‌లో ఆ బెడద లేదు, తెలుగులో మాట్లాడేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా దొరుకుతారు.

రిస్క్: హింసించినవాడు అదే ఇంట్లో ఉంటే ఫోన్‌లో మాట్లాడటమే ప్రమాదం. పైగా సెషన్ మధ్యలో పాత జ్ఞాపకం ఒక్కసారిగా ముంచుకొస్తే, ఎదురుగా మనిషి ఉండటం ఎంతో ధైర్యం.

ఏ థెరపిస్ట్‌నైనా సరే ట్రామా (మనసుకు తగిలిన తీవ్ర గాయం) కేసులు చూసిన అనుభవం, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్నాయా అని మొహమాటపడకుండా అడగండి. మొదటి రోజే అంతా చెప్పమని ఒత్తిడి చేస్తే మార్చేయండి.

ఇంట్లో ఏకాంతం లేనివాళ్లకు నేరుగా వెళ్లడం మేలు, ఊళ్లో గుట్టు నిలవనివాళ్లకు ఆన్‌లైన్. అర్ధరాత్రి తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, 24 గంటలూ ఉంటుంది.