పాత కారులో 5డబ్ల్యూ-30 సింథటిక్ ఇంజిన్ ఆయిల్: 6,000 కిలోమీటర్ల తర్వాత

సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొన్నప్పుడు పాత ఓనర్ "ఆయిల్ మొన్ననే మార్చాం" అన్నాడు. ఏ గ్రేడో, ఎన్ని కిలోమీటర్ల దగ్గరో చెప్పలేకపోయాడు. బిల్లూ లేదు. అందుకే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించి కొత్తగా లెక్క మొదలుపెట్టాను.

మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది, అది ఆయిల్ చిక్కదనం చెప్పే గ్రేడు. "బండి పాతదైంది, చిక్కటిది పోద్దాం" అంటూ మెకానిక్ 20డబ్ల్యూ-50 డబ్బా తీశాడు. ఒప్పుకోలేదు. ఫుల్లీ సింథటిక్, డబ్బా వెనక ఏపీఐ ఎస్‌పీ అని ఉన్నదే పోయించాను. ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ఎస్‌పీ అది ఇచ్చే నాణ్యత రేటింగ్. ఈ ఎస్‌పీ 2020లో వచ్చింది. అంతకుముందు రేటింగైన ఎస్ఎన్ అడిగే పాత ఇంజిన్లకూ పనికొస్తుంది.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే వినిపించే టకటక తగ్గింది. మైలేజీ మాత్రం పెరగలేదు, డబ్బా మీద ఏం రాసినా సరే. వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడితే టెన్షన్ పడ్డాను. మురికిని తనలో కలుపుకోవడం దాని పనేనట. ఇప్పుడు రంగు పట్టించుకోను, మట్టమే చూస్తాను. రెండు వారాలకోసారి చదునైన చోట ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) తీస్తాను. ఎంతుందో ఫోన్‌లో మీటర్ రీడింగ్ పక్కన రాసుకుంటాను. ఇప్పటికి పావు లీటరు కలిపాను. డబ్బా మూతి మాత్రం దరిద్రం, గరాటు లేకపోతే ఇంజిన్ మీద ఒలకడం ఖాయం.