షుగర్ మ్యాన్ చూడాలా, 20 ఫీట్ చూడాలా: ఏది మేలు?

పాట బతికి, పాడినవారు పేదరికంలో పడిన కథలపై వచ్చిన డాక్యుమెంటరీల్లో 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' (2012), '20 ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్' (2013) ముందు వరుసలో ఉంటాయి. రెండింటికీ ఆస్కార్ వచ్చింది, అదీ వరుస సంవత్సరాల్లో. కాబట్టి అవార్డు చూసి తేల్చుకునే వీలు లేదు.

కథ కట్టడంలో షుగర్ మ్యాన్‌కు సాటి లేదు. డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్ 1970లో ఒకటి, 1971లో ఒకటి ఆల్బమ్‌లు చేస్తే అమెరికాలో కొన్నవారే లేరు. ఆయన పాత ఇళ్లు కూల్చే పనికి, మరమ్మతు పనికి వెళ్లి సంసారం ఈదారు. అవే పాటలు వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికాలో తెల్ల యువతను ఊపేశాయి. వేదిక మీదే ప్రాణం తీసుకున్నాడని అక్కడ పుకారు. అలాంటి మనిషి 1998లో కేప్‌టౌన్ వేదిక ఎక్కుతుంటే చూస్తున్న మనకే ఒళ్లు జలదరిస్తుంది.

నా పేచీ ఆ జలదరింపుతోనే. రోడ్రిగెజ్ 1979లోనూ 1981లోనూ ఆస్ట్రేలియాలో కచేరీలు చేశారు. దర్శకుడు మాలిక్ బెంజెలూల్ ఆ ముక్క ఎత్తనే లేదు. ఎత్తితే 'ఎవరికీ తెలియని మనిషి' అన్న పట్టు సడలుతుంది మరి! ఇక అసలు ప్రశ్న: దక్షిణాఫ్రికాలో అమ్ముడైన రికార్డుల డబ్బు ఏమైంది? అమెరికాలో ఆ రికార్డులు తెచ్చిన కంపెనీ అధిపతి క్లారెన్స్ అవాంట్‌ను అడిగితే, ఎప్పటిదో 1970 నాటి కాంట్రాక్టు గురించి ఇప్పుడెందుకన్నట్టు విసుక్కుంటారు. సినిమా అక్కడితో ఆ దారి వదిలేస్తుంది.

ఆ దారిలో ఏముంటుందో 20 ఫీట్ చూపిస్తుంది. ఇది పెద్ద గాయకుల వెనక నిలబడి కోరస్ పాడినవారి కథ. డార్లీన్ లవ్ 1962లో పాడిన 'హీ ఈజ్ ఎ రెబెల్' అమెరికాలో నంబర్ వన్ అయింది. కానీ నిర్మాత ఫిల్ స్పెక్టర్ దాన్ని 'ద క్రిస్టల్స్' అనే వేరే బృందం పేరుతో విడుదల చేశారు. గొంతు ఆమెది, రికార్డు మీద పేరు వేరొకరిది. తర్వాతి కాలంలో ఆమె ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లారు. ఒకరి ఇంట్లో స్నానాలగది కడుగుతుండగా తాను పాడిన క్రిస్మస్ పాటే రేడియోలో వచ్చిందని చెబుతారు. ఈ పేదరికం విధివశాత్తు వచ్చింది కాదు. పాట ఎవరి పేరున నమోదవుతుంది, పాడినవారికి ఆ పూట కూలి మాత్రమేనా, అమ్మకాల్లో వాటా కూడానా అన్న లెక్కల నుంచి వచ్చింది.

దీనికీ లోపం ఉంది. మిక్ జాగర్, స్టింగ్ వంటి పెద్ద గాయకులు వీరిని తీయగా పొగుడుతారు. ఈ గొంతులకు మీరెంత ఇచ్చారని వారిని నిలదీయరు.

క్యూబా వృద్ధ కళాకారుల 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' (1999)ను ఈ పోటీలోకి తేలేదు. బూట్లు పాలిష్ చేసి బతికిన ఇబ్రహీం ఫెర్రర్ అందులో ఉన్నారు గానీ, అది సంగీతం కోసం చూడవలసిన సినిమా.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటానికైతే షుగర్ మ్యాన్. ఇంట్లో ఎవరైనా పాటనే వృత్తిగా పెట్టుకోవాలనుకుంటుంటే మాత్రం 20 ఫీట్. నా ఓటు దానికే. రెండూ చూసే తీరిక ఉంటే ముందు దాన్నే చూడండి. అప్పుడు అవాంట్ విసుక్కునే సన్నివేశంలో ఆయన ఏం దాటవేస్తున్నారో తెలుస్తుంది.