హైన్ ఫొటోలు: మిల్లు పిల్లలా, పవర్‌హౌస్ మెకానిక్కా?

ఫొటోగ్రఫీ నేర్చుకునే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్‌ని ఎక్కణ్ణుంచి చూడటం మొదలుపెట్టాలి? 1908 నుంచి, పిల్లల చేత పని మాన్పించాలని పోరాడిన అమెరికా నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ కోసం తీసిన బాలకార్మికుల ఫొటోలా, 1920ల్లో పనిలో ఉన్న కార్మికుల్ని తీసిన 'వర్క్ పోర్ట్రెయిట్లా'? పోయిన నెల నా బల్ల ఎదురుగా ఒక్క ప్రింటుకే చోటుంటే, నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

ముందు రెండో రకం సంగతి. 1920 నాటి పవర్‌హౌస్ మెకానిక్ ఫొటో చాలామంది చూసే ఉంటారు. చేతుల్లో పెద్ద పానా, వంగిన వీపు, ఆ వంపుకి జోడీగా వెనకాల గుండ్రటి యంత్రం. కూర్పులో వంక పెట్టడానికి లేదు. కార్మికుణ్ణి జాలిగా కాదు, గౌరవంగా చూడమంటుంది. అది చిన్న విషయం కాదు. 1930-31లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఉక్కు దూలాల మీద తీసినవీ ఇదే దారిలోవి. కానీ ఆ మెకానిక్ రోజుకి ఎన్ని గంటలు పనిచేశాడు, కూలి ఎంత? ఫొటో చెప్పదు. వంపు కుదిరేలా నిలబెట్టి తీసిన ఫొటో అది. యంత్రాలమ్మే కంపెనీ దాన్ని తన ప్రకటనలో హాయిగా వేసుకోవచ్చు.

ఇప్పుడు 1908 డిసెంబర్, నార్త్ కరోలినాలోని విట్నెల్ నూలు మిల్లు. నూలు వడికే స్పిన్నింగ్ ఫ్రేమ్ పక్కన నిలబడి ఒక చిన్నపిల్ల మన వైపే చూస్తుంటుంది. హైన్ రాసుకున్న వివరాలివి: ఎత్తు 51 అంగుళాలు. అంటే నాలుగడుగుల మూడంగుళాలు. మిల్లులో చేరి ఏడాది. అప్పుడప్పుడు రాత్రి పని. నాలుగు సైడ్లు, అంటే ఫ్రేముల పక్కన కదుళ్ళ వరసలు నాలుగు, చూసుకుంటుంది, రోజుకి 48 సెంట్లు. వయసెంత అంటే కాస్త తటపటాయించి, గుర్తులేదంది. తర్వాత రహస్యంగా, పనిచేసే వయసు రాలేదు గానీ చేస్తున్నానని చెప్పింది.

నా దృష్టిలో తేల్చేది ఈ రాతే. పిల్లల ఫొటో జాలి పుట్టించి వదిలేస్తుందని కొందరంటారు. కింద రాత లేకపోతే నిజమే. 48 సెంట్లు అని చదివాక మాత్రం జాలితో సరిపెట్టుకోలేం, లెక్క అడగాలనిపిస్తుంది. ఆ రాత కోసం ఆయన పడ్డ పాట్లు చూడండి. మిల్లుల్లోకి రానివ్వకపోతే బైబిళ్ళు అమ్మేవాడిననో, యంత్రాల ఫొటోలు తీసేవాడిననో చెప్పి లోపలికి వెళ్ళేవాడు. తన కోటు గుండీల్లో ఏది నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ముందే కొలిచి పెట్టుకుని, పిల్లలు పక్కన నిలబడితే ఎత్తు అంచనా కట్టేవాడు. జేబులో చెయ్యి పెట్టి అక్కడే రాసుకునేవాడు. ఫొటోలు నకిలీవని యజమానులు అనబోతారని తెలుసు కాబట్టే అంత జాగ్రత్త. ఇంత చేసినా బాలకార్మికుల పనిని కట్టడి చేస్తూ 1916లో వచ్చిన చట్టాన్ని 1918లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిలిచిన ఫెడరల్ చట్టం 1938లో గానీ రాలేదు. రెండేళ్ళకే, 1940లో, హైన్ పేదరికంలో పోయాడు.

ఇంకో ఫొటోగ్రాఫర్ జేకబ్ రీస్ సంగతీ అడుగుతుంటారు. ఆయనవి ఎక్కువగా న్యూయార్క్ పేదల ఇళ్ళు, ఫ్యాక్టరీ కోసం అక్కడికి వెళ్ళక్కర్లేదు. కంపెనీలు తీయించుకున్న ఫొటోలు యంత్రాల చరిత్రకి పనికొస్తాయి, అంతవరకే.

వెలుగు, ఫ్రేమింగ్ నేర్చుకోవాలంటే మెకానిక్‌నీ తప్పకుండా చూడండి, కానీ ఈ పిల్ల తర్వాతే. గోడకి నేను విట్నెల్ పిల్లనే పెట్టుకున్నాను. హైన్ రాసినదంతా తెలుగులో రాసి, ఫ్రేమ్ కిందే అతికించాను. ఇంటికొచ్చినవాళ్ళు ముందు ఫొటో చూస్తారు, తర్వాత వంగి ఆ కాగితం చదువుతారు. చదివాక మళ్ళీ ఆ పిల్ల ముఖం వైపు చూస్తారు.