ఉబుంటు 22.04 నుంచి 24.04కి: ఫార్మాట్ కొట్టకుండానే అయిపోయింది

ఈ అప్‌గ్రేడ్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద చెప్తాను.

నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ బాగానే నడిచేది, మామూలు సపోర్ట్ 2027 దాకా ఉంది, తొందరేమీ లేదు. కానీ పనికి 24.04తో వచ్చే పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) 3.12 కావాల్సి వచ్చింది. ద్వారకా నగర్‌లో ఒక షాపులో అడిగితే "ఫార్మాట్ కొట్టి కొత్తది వేసేస్తాం సార్, డేటాకి గ్యారంటీ లేదు" అన్నాడు. ఆ మాత్రానికి నువ్వెందుకు నాయనా అనుకుని ఎంవీపీ కాలనీలో ఇంటికొచ్చి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకుని, టెర్మినల్‌లో సుడో డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ అనే కమాండ్ కొట్టాను.

మొదట్లోనే ఆగింది, సిస్టమ్ స్టార్ట్ అవడానికి కావాల్సిన ఫైళ్లుండే బూట్‌లో చోటు లేదట. తప్పు నాదే. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకుంటే బూట్ వేరే చిన్న పార్టిషన్‌గా వస్తుంది, అందులో పాత కెర్నల్స్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ఫైళ్లు) పేరుకుపోయాయి. ఆప్ట్ ఆటోరిమూవ్ కమాండ్‌తో అవి పోయాయి.

రాత్రి పదిన్నరకి మళ్లీ మొదలుపెట్టి, తెల్లారేసరికి అయిపోతుందిలే అని పడుకున్నాను. ఆరింటికి లేచి చూస్తే తెర మీద ఒకే ప్రశ్న: ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యేది) సెట్టింగుల ఫైల్ నువ్వు మార్చుకున్నావు, అదే ఉంచనా, కొత్తది పెట్టనా? రాత్రంతా నా జవాబు కోసం అలాగే కూర్చుంది, పాపం! "ఉంచు" అని ఎంటర్ కొడితే మళ్లీ కదిలింది. ఇలాంటివన్నీ ముందే అడిగేసి పని మొదలుపెట్టొచ్చు కదా, మార్కు పోయింది అక్కడే. మధ్యలో ఆపేద్దామంటే కుదరదు, సిస్టమ్ సగం పాత సగం కొత్తగా మిగిలిపోతుంది, అందుకని ఛార్జర్ తీయకండి, మా వైపు వానొస్తే కరెంటు సంగతి తెలిసిందే.

రీస్టార్ట్ అయ్యాక వైఫై, ప్రింటర్, ఐబస్‌లో (భాషల టైపింగ్ చూసుకునే ప్రోగ్రామ్) ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే నా ఆర్‌టీఎస్ కీబోర్డ్ అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ వచ్చే పీపీఏలను మాత్రం అదే ఆపేస్తుంది, ఒక్కొక్కటీ చూసుకుని మళ్లీ ఆన్ చేసుకోవాలి. పాత పైథాన్ 3.10తో చేసుకున్న వెన్వ్‌లన్నీ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ సెటప్‌లు) పడుకున్నాయి, ఏ ప్యాకేజీలు కావాలో రాసుకున్న రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఉంది కాబట్టి అరగంటలో మళ్లీ కట్టుకున్నాను. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో నేరుగా సిస్టమ్‌లోకి ఇన్‌స్టాల్ చేసే అలవాటుంటే ఇప్పుడు ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. మంచిదే.

సీతమ్మధారలో మా తమ్ముడిది ఇంకా 20.04. దాని మామూలు సపోర్ట్ 2025 మేలోనే అయిపోయింది, పైగా నేరుగా 24.04కి దూకడం కుదరదు, 22.04 మీదుగానే రావాలి. రెండు అప్‌గ్రేడ్‌లకి రెండు బిర్యానీలు అని వాడికి ముందే చెప్పాను.