డిండిలో ఊడిన ప్యాచ్, రాజోలులో దొరికిన మేస్త్రి

హైదరాబాద్‌లో గాలి పడవ రిపేరుకని 2,800 రూపాయలు గుంజిన షాపు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. అదే పడవని రాజోలులో సీటు కవర్లు కుట్టే మేస్త్రి 650 రూపాయలకి బాగుచేసి పెట్టాడు. కోనసీమలోని డిండి వెళ్దామనుకునేవాళ్ళకీ, ఇంట్లో గాలి పడవ మడతపెట్టి ఉంచుకున్నవాళ్ళకీ ఈ సంగతి తెలియాలి. అందుకే ఖర్చులతో సహా రాస్తున్నాను.

మాది 2.7 మీటర్ల పీవీసీ పడవ, అంటే ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డతో చేసింది. కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, ముందు ఒకటి, మొత్తం మూడు గాలి గదులు. అడుగున చెక్క పలకలు, రెండు తెడ్లు. మా బావమరిది వాళ్ళ ఆఫీసులో ఒకాయన దగ్గర 14,000కి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆయన దాన్ని రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి తాడేసి బిగించి ఉంచారట. పైన రేకు వేడి, లోపల తాడు బిగువు, రెండూ కలిసి మడత పడిన చోట గుడ్డని బీటలు వారేలా చేశాయి. ఎడమ గది మీద వేలెడు పొడుగున సన్నటి పగులు. పొద్దున గాలి కొడితే సాయంత్రానికి మెత్తబడిపోయేది. అదేం పెద్ద జబ్బు కాదు, సరైన జిగురుతో అతికితే పోయేదే.

ట్రెక్కింగు, క్యాంపింగు సామాన్లు అమ్మే షాపులో ఇచ్చాం. "ఇంపోర్టెడ్ ప్యాచ్ సార్, ఏడాది గ్యారంటీ" అన్నారు. బిల్లులో సర్వీసింగ్ 1,600, ప్యాచ్ 1,200 అని రాశారు. చేతికి వచ్చినప్పుడు ప్యాచ్ గుండ్రంగా, నల్లగా, చూడ్డానికి బాగానే ఉంది. పడవతోపాటు ఇచ్చిన చిన్న రిపేరు సంచీ మాత్రం తిరిగి రాలేదు. అందులో అదే రకం గుడ్డముక్క, వాల్వ్ బిగించే తాళం ఉండేవి. అడిగితే "మాకు ఇవ్వలేదు సార్" అని తేల్చేశారు. మా బావమరిది అక్కడే గొడవ పెట్టుకోబోతే మా ఆవిడ ఆపింది.

సంక్రాంతి రద్దీ మొదలుకాక ముందే, డిసెంబరులో బయల్దేరాం. విజయవాడ, భీమవరం, పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కితే అవతల డిండి. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారి హాయిగా సాగిపోయింది.

దిగింది వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక రిసార్టులో. గది రాత్రికి 5,200, టిఫినుతో కలిపి. గదిలోంచి నీళ్ళు కనిపిస్తాయి, పక్కలు శుభ్రంగా ఉన్నాయి, అంతవరకు వంక పెట్టడానికి లేదు. చుట్టూ కొబ్బరి తోటలు పెట్టుకుని చట్నీలో పుట్నాలపప్పు దంచి పోయడం మాత్రం మా ఆవిడకి మింగుడుపడలేదు. కాఫీ విడిగా 80. మేనేజరు పడవ సంచీని చూసేవరకు నవ్వుతూనే ఉన్నాడు.

మేం నడి గోదావరిలోకి వెళ్ళాలనుకోలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయాక గోదావరి అంటే మా ఇంట్లో అందరికీ జంకే. లైఫ్ జాకెట్లు నలుగురికీ తెచ్చుకున్నాం. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన్ని అడిగితే, పక్కనున్న చిన్న పాయ చూపించి, "పోటు మీదున్నప్పుడే తిరగండి బాబూ, పాటు మొదలైతే లాగేత్తాది" అని చెప్పాడు. ఇక్కడి నీళ్ళకి సముద్రం పోటూ (నీరు ఎక్కడం) పాటూ (నీరు తీయడం) తెలుస్తుంది. నోట్లో పోసుకుంటే ఉప్పదనం ఉంటుంది.

మొదట నేను, అమ్మాయి, బావమరిది ఎక్కాం. కాసేపు బ్రహ్మాండంగా ఉంది. కొబ్బరి మట్టలు నీళ్ళ మీదకి వంగి, అక్కడక్కడా నీలి రంగు లకుముకి పిట్టలు. మా అమ్మాయి తెడ్డు నాకివ్వనంది. ఎండెక్కాక ఎడమపక్క బుస్సుమని చప్పుడు. చూస్తే ఆ ఇంపోర్టెడ్ ప్యాచ్ అంచు పైకి లేచి ఆడుతోంది, దాని కింద నుంచి వరసగా బుడగలు. ఎండకి లోపలి గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది. గట్టిగా అంటుకున్న ప్యాచ్ దానికి తట్టుకోవాలి, ఇది తట్టుకోలేదు. మిగతా రెండు గదులు నిలబడబట్టి మునిగే ప్రమాదం రాలేదు కానీ పడవ ఎడమకి ఒరిగిపోయింది. అమ్మాయి బిక్కచచ్చిపోయింది. ఆ పెద్దాయనే తన నాటు పడవలో వచ్చి తాడేసి ఒడ్డుకి లాగాడు. ఎంత బతిమాలినా డబ్బు ముట్టుకోలేదు.

ఒడ్డుకొచ్చాక ప్యాచ్ గోటితో గీరితే చాలు, మొత్తం ఊడి చేతికొచ్చింది. కింద జిడ్డు జిడ్డుగా జిగురు, ముక్కు దగ్గర పెట్టుకుంటే సైకిల్ షాపు వాసన. టైరు ట్యూబుకి వేసే సొల్యూషన్! ట్యూబు రబ్బరు కాబట్టి దానికీ ఆ సొల్యూషన్‌కీ బంధం కుదురుతుంది. పీవీసీకి అది పట్టదు. పైగా పీవీసీ మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలు మెల్లగా బయటికొచ్చి రబ్బరు జిగురుని కరిగించి బంకలా చేస్తాయి. పడవల పని తెలిసినవాళ్ళు ముందు అడిగేదే, గుడ్డ పీవీసీయా, హైపలాన్ రబ్బరా అని. రెండింటికీ జిగురు వేరు, తుడిచే ద్రావకం కూడా వేరు. ఏడాది గ్యారంటీ ఇచ్చిన షాపుకి ఆ మాత్రం తెలియకపోతే ఎలా? ప్యాచ్ కూడా టైరు ప్యాచే, బోర్లా తిప్పితే తెలిసింది. ఆ మధ్యాహ్నం మా బావమరిది అన్నం సరిగ్గా తినలేదు. "బావా, పిల్ల పడవలో ఉన్నప్పుడు ఊడింది" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు.

ఇక రిసార్టువాళ్ళ సంగతి. ఉప్పునీళ్ళలో తిరిగిన పడవని మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే నీరు ఆరాక మిగిలిన ఉప్పు మడతల్లో గరుకుగా నిలిచి గుడ్డని కోస్తుంది. తోటకి నీళ్ళు పట్టే పైపు ఇవ్వమంటే, "గెస్టులకి పైపు ఇవ్వం సార్" అన్నాడు మేనేజరు. బకెట్లతో కడుక్కున్నాం. తడి సామాను గదిలో పెట్టొద్దన్నాడు, వరండాలోనూ పెట్టొద్దన్నాడు. చివరికి వంటింటి వెనక బియ్యం బస్తాల పక్కన పెట్టించి, దానికి 500 రూపాయలు "స్టోరేజ్" అని బిల్లులో కలిపాడు. పొద్దున్నే చూస్తే సంచీ మూల ఎలుకలు కొరికేశాయి, లోపల ముందు గది అంచుకి బఠాణీ గింజంత చిల్లు. మేం డబ్బులిచ్చి దాచుకున్న సామాను అది. "ఎలుకలకి మేమేం చేస్తాం సార్" అనే సమాధానం విన్నాక అక్కడ ఇంకో పూట ఉండబుద్ధి కాలేదు. ఆ 500 తీసేయమని గట్టిగా అడిగాను, తీయలేదు.

టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు చెప్పిన మాట మమ్మల్ని రాజోలు చేర్చింది. లారీ టార్పాలిన్లు అతికే చోట ఇదీ అతుకుతుందన్నాడు. ఆ మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. ఆటో సీట్లు, లారీ కవర్లు, పెళ్ళి షామియానాలు, అన్నీ చేస్తాడు. పడవని నేల మీద పరిపించి, ఏ మాటా మాట్లాడకుండా గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత, "ఇది లారీ పట్టా గుడ్డే కదండీ. దీనికి సొల్యూషన్ ఏశారా? అయ్యో, అది పట్టదండీ" అన్నాడు. షాపుకి తెలియని సంగతి ఈయనకి చేతివేళ్ళతో తెలిసింది.

పని మొదలుపెట్టమంటే ఒప్పుకోలేదు. పొద్దున పొగమంచు ఇంకా వీడలేదు. గాలిలో చెమ్మ ఉంటే జిగురు పట్టు తప్పుతుందట. ఎండ బాగా వచ్చాకే డబ్బా మూత తీశాడు. అది చెప్పులకి వాడే పీయూ (పాలీయురెథేన్) గమ్, దాంట్లో కలపడానికి చిన్న సీసాలో హార్డనర్. ముందు పాత జిగురంతా గీరి, గుడ్డముక్కని థిన్నర్‌లో ముంచి తుడిచాడు. సన్న ఎమరీ కాగితంతో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దాడు. గట్టిగా రుద్దితే లోపలి నేత దారం బయటపడుతుందని మా బావమరిదికి చూపించాడు. లారీ పట్టాలోంచి అదే మందం ముక్క కోసి, పగులు చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉండేలా గుండ్రంగా కత్తిరించాడు. మూలలుంటే అక్కడి నుంచే లేస్తుందని ఆయన మాట. రెండు వైపులా పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి అతికించి, సోడాసీసాతో మధ్య నుంచి అంచులకి దొర్లిస్తూ గాలి లేకుండా నొక్కాడు. మా అమ్మాయి పక్కనే గొంతుక్కూర్చుని, "ఎందుకు మధ్య నుంచి?" అని అడిగితే ఓపిగ్గా చెప్పాడు, అంచుల నుంచి నొక్కితే గాలి బుడగ లోపలే చిక్కుకుపోతుందని. ఎలుక కొరికిన చిల్లు కూడా అలాగే మూశాడు.

ఒక రోజు గడిచాకే గాలి కొట్టాలి అన్నాడు. రెండు ప్యాచ్‌లూ, గమ్ము, కూలీ కలిపి 650. వెయ్యి ఇస్తే 350 తిరిగి చేతిలో పెట్టాడు.

అలా ఆగాల్సి రావడం మా అదృష్టం. రాజోలుకి దగ్గరలో ఒక ఊళ్ళో పాత పెంకుటింటిని అద్దెకిస్తున్నారు, రాత్రికి గది 1,800. ఏసీ లేదు, స్నానాల గది బయట ఉంది, దోమలు ఉన్నాయి, దోమతెర ఇస్తారు. కానీ పెద్ద వాకిలి, నూతి దగ్గర మోటారు, చెయ్యి చాపితే పైపు. ఇంటావిడ పడవని చూసి, "వసారాలో పెట్టుకోండి, వానొచ్చినా తడవదు" అంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు, సామాను ఎక్కువ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఇలాంటి ఇంట్లో దిగండి. రిసార్టులో రాత్రికి కట్టే డబ్బుతో ఇక్కడ దాదాపు మూడు రాత్రులు ఉండొచ్చు.

పడవ ఆరేలోపు అంబాజీపేట వెళ్ళి పొట్టిక్కలు తిన్నాం. పనసాకు బుట్టల్లో ఆవిరికి ఉడికిన ఇడ్లీ అది. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసమే వెళ్ళాలి. ప్లేటు 60. ఇక్కడ చట్నీలో కొబ్బరే ఉంది, మా ఆవిడ ముఖం విప్పారింది. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడిచొచ్చాం.

మర్నాడు గాలి కొట్టాం. టైరు షాపు కంప్రెసర్‌తో కొట్టొద్దు. ఈ గాలి గదులకి కావాల్సిన ఒత్తిడి 0.25 బార్, అంటే 3.6 పీఎస్ఐ. కారు టైరుకి ముప్పై పైనే ఉంటుంది కాబట్టి కంప్రెసర్ ఒక్క క్షణంలో అతుకులు చీల్చేస్తుంది. కాలి పంపే మేలు. సబ్బు నురగ చేసి ప్యాచ్‌ల అంచులకీ, వాల్వ్‌ల చుట్టూ పూసి చూశాం. ఎక్కడా బుడగ రాలేదు. వాల్వ్‌ల చుట్టూ చూడటం మర్చిపోవద్దు, పంక్చర్ అనుకున్నది చాలాసార్లు వాల్వ్‌లో ఇరుక్కున్న ఇసుక రేణువే. రాత్రంతా వదిలేస్తే పొద్దున కాస్త మెత్తబడినట్టు అనిపించింది, అది చల్లదనానికి గాలి కుంచించుకోవడం వల్ల. ఎండెక్కాక మళ్ళీ బిగిసింది. మధ్యాహ్నం ఒడ్డున ఎండలో పెట్టేటప్పుడు కొంచెం గాలి వదలాలి. ఈసారి అదే పాయలో పోటు ఉన్నంతసేపూ మా ఆవిడతో సహా వంతులేసుకుని తిరిగాం. ఆ పెద్దాయన ఒడ్డు నుంచి ప్యాచ్ వైపు చూసి తలూపాడు.

తిరిగొచ్చాక దాచడంలో ఏ రాజీ పడలేదు. మంచినీళ్ళతో కడిగి, చెక్క పలకలు విడిగా తీసి, పలకల సందులోని ఇసుక బ్రష్షుతో తోమి, నీడలో పూర్తిగా ఆరబెట్టాం. అడుగు గుడ్డకీ గాలి గదికీ మధ్య సందులో తడి నిలుస్తుంది. పాత బట్టతో తుడవకపోతే అక్కడే బూజు. పాత మడతల మీద మళ్ళీ మడవకుండా, వదులుగా చుట్టి, తాడు కట్టకుండా, ఇంట్లో మంచం కింద పెట్టాం. చోటున్నవాళ్ళు సగం గాలితో ఉంచితే ఇంకా మంచిది. మేడ మీద గది, రేకుల షెడ్డు, కారు డిక్కీ మూడూ వద్దు. బిస్కెట్ ముక్క కూడా సంచీలో మిగలకూడదు, ఎలుకలకి అదే చాలు.

షాపుకి ఫోన్ చేస్తే, ఉప్పునీళ్ళలో వాడారు కాబట్టి గ్యారంటీ వర్తించదన్నారు. వాళ్ళిచ్చిన కార్డులో ఉప్పునీళ్ళ ఊసే లేదు. 2,800, పోగొట్టిన రిపేరు సంచీ ఖరీదు, రాజోలులో పెట్టిన 650, మూడూ కలిపి ఇమ్మని రాసి పంపాను. జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, గ్యారంటీ కార్డు ఫోటోలు పంపాను. ఊడిన ప్యాచ్ కవర్లో పెట్టి ఉంచాను, రమ్మంటే పట్టుకెళ్ళి చూపిస్తాను.