పాత డీజిల్ పికప్ కొంటున్నారా? మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే బేరం ఆపండి

పాత పికప్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. నేను తొందరపడి ఇచ్చేశాను. మూడు వారాలు తిరక్కుండానే ఇంజన్ దించాల్సి వచ్చింది.

బండి వయసు పదిహేనేళ్ల పైమాటే. నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్, మీటర్లో 2,40,000 కిలోమీటర్లు. ఆ అంకె చూసి నేను భయపడలేదు, ఇప్పటికీ భయపడను. వేళకు ఆయిల్ మార్చి, నీళ్లు చూసుకుంటూ నడిపిన డీజిల్ ఇంజన్ అంతకు రెట్టింపు తిరిగినా ఆశ్చర్యం లేదు. నా తప్పు వేరే చోట జరిగింది. నేను వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంది. "మీరొస్తున్నారని ఇప్పుడే కాస్త తిప్పి తెచ్చానండీ" అన్నాడు అమ్మే ఆయన. నమ్మాను. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది, పొగ లేదు, చప్పుడు మెత్తగా ఉంది. ఖాళీ బండిని పది నిమిషాలు నడిపి బేరం కుదుర్చుకున్నాను.

మర్నాడు పొద్దున నాలుగుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోలేదు. అందుకున్నాక కూడా తెల్లపొగ, బండంతా వణుకు. చల్లటి ఇంజన్ అందుకోవడానికి లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులేమో అనుకుని మార్పించాను, కొంచెం నయమనిపించింది. ఆ తర్వాత రేడియేటర్లో నీళ్లు తగ్గడం మొదలైంది. కింద ఒక్క చుక్క పడదు, నీళ్లు మాత్రం ఉండవు. మూడో వారం లోడుతో ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది.

మెకానిక్ పెద్దాయన హెడ్డు (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) విప్పే ముందే థర్మోస్టాట్ గూడు తెరిచి చూపించాడు. లోపల థర్మోస్టాట్ లేదు. "ఎవరో కావాలనే తీసేశారు బాబూ" అన్నాడు. మామూలుగా అది 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుని ఇంజన్ వేడిని ఒక స్థాయిలో నిలుపుతుంది. దాన్ని పీకేస్తే నీళ్లు ఆగకుండా తిరుగుతాయి కాబట్టి, ఖాళీ బండిని కాసేపు నడిపితే ముల్లు కిందనే ఉంటుంది. వేడెక్కే జబ్బు కొనేవాడి కంట పడదు. ఆయిల్ డ్రెయిన్ చేస్తే తేనెలా సాగింది. పొగనీ చప్పుడునీ అణచడానికి చిక్కటి మందేదో పోశారు. రెండు, మూడు సిలిండర్ల మధ్య హెడ్ గాస్కెట్, అంటే హెడ్డు కింద ఉండే పల్చటి సీలు, కాలిపోయి ఉంది, హెడ్డు వంగింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. చాలా ఇంజన్లలో సిలిండర్లుండే బ్లాక్ పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఆ ఒరిపిడినంతా ఏళ్ల తరబడి మధ్యలో ఉన్న గాస్కెట్టే భరిస్తుంది. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే చాలు, హెడ్డు వెంట్రుకవాసి వంగినా గాస్కెట్ పట్టు వదిలేస్తుంది. పైగా డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బిగించి నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినా, గాస్కెట్ పోయినా ఆ నొక్కుడు తగ్గుతుంది, అది మొదట బయటపడేది చల్లటి ఇంజన్ మీదే. వేడిచేసి ఉంచేది అందుకే.

కాబట్టి ముందే చెప్పి పెట్టండి, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో రోజు పొద్దున వస్తానని వెనక్కి వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్ల రంగు చూడండి, నూనె తెట్టు ఉంటే మాట్లాడాల్సింది లేదు. తాళం తిప్పి, స్టార్ట్ చేయకముందే ఆయిల్ దీపం వెలుగుతోందో లేదో చూడండి. వెలగలేదంటే బల్బు తీసేసి ఉండొచ్చు. స్టార్ట్ అయిన రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై గొట్టం రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వెళ్తున్నట్టే. ఆయిల్ పోసే మూతను వదులు చేసి ఉంచితే అది ఎగిరెగిరి పడుతూ పొగ తన్నుతోందంటే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులో బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. నీలం పొగ ఆయిల్ తాగుతున్నట్టు. వేడెక్కాక కూడా ఆగని, తియ్యటి వాసన వేసే తెల్లపొగ కూలెంట్ కాలుతున్నట్టు.

సిలిండర్లలో ఆ నొక్కుడు ఎంతుందో కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించడానికి ఒప్పుకోని బండిని వదిలేయండి. సిలిండర్లన్నీ దగ్గర దగ్గరగా రావాలి, ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ వస్తే లోపల ఏదో పోయినట్టే. వాల్వులనీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. నోటిమాట చాలదు, అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

వాటర్‌వాష్ చేసి మెరిపించిన ఇంజన్ చూసి నేను మురిసిపోయాను. లీకులు కడుక్కుపోయి ఉంటాయని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు హెడ్డు ఫేసింగ్‌కి, అంటే అడుగు చదును చేయించడానికి, వెళ్లింది, బోరు కొలిస్తే రెండు సిలిండర్లు హద్దు దాటాయి. సిలిండర్లలో కొత్త తొడుగులు, అంటే లైనర్లు, వేయించాలా, వేరే ఇంజన్ ఎక్కించాలా అన్నది ఈ వారం తేలుతుంది.