పాతిక వేల హెడ్‌ఫోన్, వైజాగ్ ఉక్క

రెండో వేసవికే నల్ల పొట్టు రాలడం మొదలైంది. "ఏంటి గురూ, బుగ్గకి మసి అంటుకుంది?" అని ఆఫీసులో పక్క సీటాయన అడిగితే తుడుచుకుని చూశాను. హెడ్‌ఫోన్ కుషన్ మీది తొడుగు పొలుసులు పొలుసులుగా లేచి చెవి వెనకా, మెడ మీదా, చొక్కా కాలరుకీ అంటుకుని ఉంది. పాతిక వేలు పోసి కొన్నది మరి.

లెదర్ అంటారు గానీ అది బట్ట మీద పూసిన పాలీయురిథేన్ పొర. వేడీ తేమా కలిస్తే ఆ పొర దానంతటదే చివికిపోతుంది. చెమట, తలనూనె తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మన ఊళ్లో వీటిలో దేనికి కొదవ? సర్వీస్ సెంటర్‌లో, కుషన్లు అరిగిపోయే సామాను కిందికొస్తాయి, వారంటీ వర్తించదు అన్నారు. వాళ్లు చెప్పిన ధరకి నా దగ్గరున్న పదిహేను వందల వైర్ హెడ్‌ఫోన్ ఇంకోటి వచ్చి, పైన చిల్లర మిగిలేది.

ఒళ్లు మండి, జగదాంబ దగ్గర ఒక యాక్సెసరీస్ కొట్లో బట్ట కుషన్లు కొని తగిలించాను. చెవులకి హాయిగా ఉంది, చెమట పట్టలేదు. తీరా కచేరీ పెడితే మృదంగంలో గుమికి, అంటే ఎడమ వైపు మోగే ఆ లోతైన నాదం, పలచబడిపోయింది. మర్నాడు గాజువాక బస్సెక్కితే ఇంజన్ హోరు సగం లోపలికే వస్తోంది. కుషన్ చెవి చుట్టూ గాలి దూరకుండా పట్టుకుంటేనే బేస్ నిలుస్తుంది, బయటి హోరుని అణిచే నాయిస్ క్యాన్సిలేషన్ కూడా ఆ పట్టు ఉందన్న లెక్కతోనే పనిచేస్తుంది. బట్టలోంచి గాలి పోతుంది కాబట్టి రెండూ పోయాయి. పైగా నాకు కళ్లద్దాలున్నాయి, ఆ కాడల దగ్గర ముందే కొంత సందు. చివరికి ఆన్‌లైన్ సేల్‌లో కంపెనీ కుషన్లే కొన్నాను, తిట్టుకుంటూ. బేస్ తిరిగొచ్చింది, బస్సు హోరు మళ్లీ తగ్గింది. కండక్టర్ "రైట్ రైట్" మాత్రం ఎప్పట్లాగే దాటుకుని వస్తుంది. ఎడతెగని హోరుని నాయిస్ క్యాన్సిలేషన్ బాగా అణుస్తుంది కానీ, హఠాత్తుగా వచ్చే కేకలూ హారన్లూ దానికి అంతగా లొంగవు.

కొన్న కొత్తలో, గాత్రం వెనక తంబూరా శ్రుతి ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. నిజమే. అయితే మొన్నొక రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు అదే రికార్డింగ్ పదిహేను వందల దాంట్లో విన్నాను. తంబూరా అక్కడా ఉంది. వయొలిన్ పై స్థాయిలో కాస్త గీరినట్టు ఉంటుంది, వాయిద్యాలన్నీ ఒకే చోట కూర్చున్నట్టు ఉంటాయి, అంతే. కళాభారతి ఆడిటోరియంలో వెనక వరసలో కూర్చుని విన్నా నాకు ఇంచుమించు అలాగే వినపడుతుంది. అంటే ఆ పాతిక వేలల్లో సగం డబ్బు నిశ్శబ్దానికే. మే నెలలో ఫ్యాన్ ఆపుకుని సంగీతం వినే ఓపిక ఉంటే ఆ సగం మిగులుతుంది!

చవకదానికీ జబ్బులున్నాయి. పిన్ను దగ్గర వైరు తెగితే సోల్డరింగ్ చేయించాల్సి వచ్చింది. కొత్త ఫోన్‌కి జాక్ లేక మధ్యలో ఒక బుల్లి అడాప్టర్ వేలాడుతుంది, దాన్ని పోగొట్టుకోకుండా ఉండడమే పెద్ద టెన్షన్. కానీ దాని బట్ట కుషన్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మాసిపోతే తీసి ఉతుకుతాను.

ఇప్పుడు బస్సులో చవకది, ఇంట్లో ఏసీ గదిలో ఖరీదైనది. బస్సు హోరు కోసమే కొన్నదాన్ని ఇంట్లో దాచుకోవడం ఏం లెక్కో అడక్కండి. ఏసీ ఆఫీసు, తరచూ విమానాలు ఉన్నవాళ్లయితే ధైర్యంగా కొనొచ్చు. నాలా బస్సులో తిరిగేవాళ్లయితే కుషన్లు విడిగా ఎంతకి దొరుకుతాయో కనుక్కుని, ఆ ధర కూడా కలిపి చూసుకోండి. నాకు రోజూ తలకి నూనె రాసుకునే అలవాటుంది. మీకు లేకపోతే కుషన్లు ఇంకో వేసవి ఎక్కువే రావచ్చు.